మిగిలిన పొద్దు ఎవరిది?

మా గోడ అవతలి పెద్దమనిషి పోయారన్న వార్తను నా వాకిటికి తెచ్చింది మిరపకాయల తొడిమలు తీసే ఒక పెద్దామె. ఉదయం సంధ్యావందనం ముగించుకొని అరుగు మీదికి వచ్చేసరికి ఆమె మెట్టు దగ్గర నిలబడి ఉంది. మిరప యార్డుకు పనికని బయలుదేరి, సగం దారిలో కబురు తెలిసి, వెనుదిరిగి వచ్చిందట. నిన్నటి కారం ఆమె కొంగును ఇంకా వదలలేదు కాబోలు, ఆమె నోరు తెరవకముందే నాకు తుమ్ము వచ్చింది.

"సెక్రటరీగారు పోయారండీ పంతులుగారా. తాడేపల్లిలో, కూతురింట్లో. వ్యాను బయల్దేరిందంట, పొద్దెక్కేసరికి వచ్చేస్తారు" అన్నది. నేను గోడ అవతలికి చూశాను. ఆమె కాసేపు చూసి, "సరే, నే పోతానండీ. చెప్పాల్సినోళ్ళు ఇంకా చానామంది ఉన్నారు" అని వెళ్ళిపోయింది.

ఆ చివరి మాటను ఆమె మామూలుగానే అన్నది. నాకు మాత్రం అది ములుకులా నాటుకున్నది. కొన్నేళ్ళ క్రితం, చెప్పవలసినవారికి చెప్పకుండా ఊరుకున్నవాణ్ణి నేను. ఆ ఊరుకోవడం వల్ల కూడా ఆమె ఇవాళ పత్తిమిల్లులో కాక మిరప రాశుల మధ్య కూర్చుంటున్నది. పోయినాయన గురించి నాలుగు మాటలు రాయమని మిత్రులు అడిగినప్పుడు, ఆ సంగతి దాచి రాయడం నా వల్ల కాదన్నాను. రాయండి అన్నారు. రాస్తున్నాను.

ఆయన మా ఊరి చివర, అద్దంకి రోడ్డు మీద ఉన్న పత్తిమిల్లులో ఫిట్టరు. అక్కడి కార్మిక సంఘానికి సెక్రటరీ. నేను ఉన్నత పాఠశాలలో తెలుగూ సంస్కృతమూ చెప్పి విరమించినవాణ్ణి. సాయంత్రాలు రామమందిరంలో పురాణం చెబుతాను, అడిగినవారికి ముహూర్తాలు పెడతాను. ఇరవై ఏళ్ళు ఒకే గోడకు ఇటూ అటూ బతికాం. అందులో మొదటి ఐదేళ్ళు పలకరింపులు కూడా లేవు. తెల్లవారుతూనే ఆయన నూతి దగ్గర రంపపు పొట్టూ సబ్బూ కలిపి, చేతులకు పట్టిన మర నూనెను తోముకుంటూ ఎవరెవరినో గట్టిగా తిడుతూ ఉండేవారు. నా జపానికి అది భంగం. నా ఘంటానాదం ఆయన చెవులకు ఏమనిపించేదో నేను అడగలేదు.

మా మధ్య మాటలు కలిసింది రామమందిరంలో. ఆ సాయంత్రం పాలకడలి చిలికిన ఘట్టం చెబుతున్నాను. కొండ కవ్వమైంది, సర్పరాజు తాడయ్యాడు, రత్నాలు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి. వర్ణన బాగా సాగుతున్నదని నాలో నేను మురిసిపోతున్న సమయంలో, వెనుక వరుసలో చెప్పులు చేత పట్టుకొని నిలబడ్డ సెక్రటరీగారు చెయ్యెత్తారు.

"పంతులుగారూ, చిన్న సందేహం. అమృతం దేవతలకి పోయింది. ఏనుగుని ఒకరు, గుర్రాన్ని ఒకరు పట్టుకుపోయారు. తాడుగా పనిచేసిన పాముకి ఏమిచ్చారండీ?"

"ఆయన సర్పరాజు. లోకహితం కోరి సేవగా చేశాడు" అన్నాను.

"రాజుగారికే కూలి ఎగ్గొట్టారంటే, మామూలు పాముల గతేందండీ మరి?"

మందిరమంతా నవ్వింది. ఆ రోజు ఇంటికి వచ్చి ఉన్న వ్యాఖ్యానాలన్నీ తిరగేశాను. అలంకారాలు ఎన్నో దొరికాయి. కొండ ఒరిపిడికి ఆ పాము ఒళ్ళు ఎంత కందిందో అడిగినవాడు ఒక్కడూ దొరకలేదు. మర్నాడు గోడ దగ్గరకు వెళ్ళి, "వెతికాను, ఎక్కడా లేదు" అన్నాను. ఆయన తోముతున్న చేతులు ఆపి, "లేదని ఒప్పుకున్నారే! మా మేనేజరు కంటే మీరు నయమండీ" అన్నారు. ఆనాటి నుంచి ఆ గోడ మాకు బల్ల అయింది.

సంఘం మనిషి గనుక ఆయనకు యంత్రాలంటే పగ ఉంటుందని నేను అనుకున్నాను. అది నా అజ్ఞానం. యంత్రాన్ని అంతగా ప్రేమించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. పత్తి నుంచి గింజను వేరుచేసే మరను జిన్ను అంటారు. తోలు చుట్టిన రెండు రోలర్లు దూదిని లాగుతుంటే, ఒక కత్తి గింజను కిందికి తోసేస్తుంది. మిల్లు మాకు అర మైలు దూరం. అరుగు మీద పత్రిక చదువుతూనే ఆయన తల ఎత్తి, "మూడో వరుసలో కత్తి బిగువైంది, రోలరు కాలిపోతది" అని లేచి వెళ్ళిపోయేవారు. ఛందస్సు తప్పితే నా చెవికి ఎలా తెలుస్తుందో ఆయనకు అది అలా తెలిసేది.

ఆయన ఆర్థికశాస్త్రం మొత్తం ఒక్క ప్రశ్న. "పది గంటల పని మర పుణ్యమా అని ఐదు గంటల్లో అయిందనుకోండి. ఐదు గంటలు మిగిలాయి గదా. ఆ మిగిలిన పొద్దు ఎవరిది? ఈ ఒక్కదానికి జవాబు చెప్పినోడి జెండా మోస్తాను, ఏ రంగైనా సరే."

"కాలం ఎవరి సొత్తూ కాదండీ. అది ఈశ్వర స్వరూపం" అన్నాను ఒకసారి.

"ఈశ్వరుడిదైతే నాకే పేచీ లేదు. ఈశ్వరుడి తరఫున మేనేజరుగారు సంతకం పెడుతున్నాడే, అక్కడే పేచీ!"

యంత్రాలు అమ్మేవారంటే మాత్రం ఆయనకు నమ్మకం లేదు. మిల్లు ఆఫీసుకు ఒక కంపెనీ మనిషి కంప్యూటరు బొమ్మలున్న నున్నని కాగితాలు పట్టుకొని వచ్చినప్పుడు, ఆ కాగితం ఒకటి తెచ్చి గోడ మీద పరిచారు. "మన దగ్గర అవతలి ఊరోళ్ళు కొన్నారంటాడు. అక్కడికి పోయి మనం కొన్నామంటాడు. వీడు అమ్మేది మర కాదండీ పంతులుగారూ, పక్కోడు ముందుకెళ్ళిపోతాడన్న భయం. మరని దాంతోపాటు ఊరికే ఇస్తాడు." పత్తికి తెల్లదోమ పట్టి రైతులు మందు మీద మందు కొట్టి కుదేలైన ఏడు, మందుల కంపెనీల గురించి ఆయన ఆ మాటనే మళ్ళీ అన్నారు. ఆ ఏడు ఆ గొంతులో వెటకారం లేదు. అలుపు ఉంది.

సొంత సంఘాన్ని కూడా వదిలేవారు కాదు. నగరం నుంచి నాయకులు వచ్చి, కొత్త మరలను గేటు దాటనివ్వవద్దని ఉపన్యాసం చెప్పి వెళితే, "మరని తరిమితే అది పక్కూరు పోతది, దాని వెనకాలే మన పని పోతది. ఈ ముక్క వేదిక మీద చెబితే చప్పట్లు రావు" అనేవారు. ఇంకొకసారి, "మా మీటింగుల్లో మాట్లాడేది మగాళ్ళం, ఎండలో కూర్చునేది ఆడాళ్ళు. ఈ లెక్కన మేమూ ఒక మేనేజిమెంటేనండీ" అని నవ్వారు. ఆ నవ్వులో తమను కూడా కలుపుకున్నారు.

జిన్నుల ముందు నిలబడి పత్తి అందించేది ఆడవాళ్ళే. వారికి ఒక ఆచారం ఉండేది. ఏటా కొత్త పత్తి వచ్చిన తరువాత, మంచి రోజున, తలస్నానాలు చేసి వచ్చి మరలకు పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టేవారు. ఆ పూజనాడు ఏ మర ముందు ఏ మనిషి నిలబడితే ఆ సీజనంతా ఆ చోటు ఆమెది. హాజరు పుస్తకంలో పేరుండదు, సంతకముండదు. అత్త నిలబడలేని ఏడు కోడలు వచ్చి ఆ చోట నిలబడేది. నాకు ఈ కబురు తెచ్చిన పెద్దామె ముప్పై ఏళ్ళు రెండో వరుస మొదటి మర ముందు నిలబడింది.

ఈ ఆచారమంటే సెక్రటరీగారికి గిట్టేది కాదు. "పసుపు చెరిగితే చెరిగిపోయే హక్కు ఒక హక్కేనా? కాగితం ఉండాలి" అనేవారు. కొత్త మరలు వస్తున్నాయని తెలిసినప్పుడు, ఆ కాగితం కోసం పట్టుబట్టారు. పత్తిని తనంతట తానే అందుకునే మరలవి. ఒక్క మనిషి నాలుగింటిని కనిపెట్టుకోవచ్చు. ఆయన వద్దనలేదు. ఆడవాళ్ళందరికీ కొత్త మర నేర్పాలి, వారిని రెండు జట్లు చేసి ఒక్కో జట్టుకు సగం రోజే పని ఇవ్వాలి, కూలి మాత్రం తగ్గించకూడదు అన్నారు. నెలల తరబడి తిరిగారు. చివరకు మేనేజరు సంతకం పెట్టాడు. మిగిలిన పొద్దుకు ఒక యజమాని దొరికినట్టే అనుకున్నాం.

ఆ కాగితాన్ని ఆయన తమ దొడ్లో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించారు. గోడ ఇవతల నుంచి నేనూ విన్నాను.

"సగం రోజే పనా? మిగతా సగం ఏం చెయ్యాలి సెక్రటరీగారా?" అన్నది పెద్దామె.

"పడుకోండమ్మా! పట్టపగలు కాళ్ళు చాపుకొని ఏనాడన్నా పడుకున్నావా నువ్వు?"

"పడుకుంటే మా ఆయన లేపి నీళ్ళు తెమ్మంటాడయ్యా. మీ కాగితంలో ఆయన సంగతి కూడా ఒక ముక్క రాయించండి!"

దొడ్డంతా గొల్లుమన్నది. ఆ నవ్వు ఆగిన తరువాత ఆయన చెప్పారు: "పాత మరలు పీకేశారు. కొత్తవి బిగించి చూస్తున్నారు. కార్తీక పున్నమి వెళ్ళిన మర్నాడు రండి. ఈలోపు మీరొస్తే పనికి అడ్డమంటారు."

"మరి పూజో?" అన్నది పెద్దామె. ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు.

"వాళ్ళేదో కొబ్బరికాయ కొట్టుకుంటే కొట్టుకోనీ అమ్మా. మనకి కాగితం ఉంది."

ఇక్కడ నా సంగతి చెప్పాలి. దానికి రెండు రోజుల ముందు మిల్లు మేనేజరు పళ్ళెంలో పండ్లూ పట్టు కండువా పెట్టుకొని నా ఇంటికి వచ్చాడు. కొత్త మరల పూజకు ముహూర్తం కావాలన్నాడు. కార్తీక శుద్ధంలో ఒక గురువారం పెట్టి, నా చేతితో కాగితం మీద రాసి ఇచ్చాను. అది పున్నమికి ముందు వచ్చే గురువారం. గోడ అవతల "పున్నమి వెళ్ళిన మర్నాడు" అన్న మాట వినగానే నాకు ఆ తేడా తెలిసింది. తెలియలేదని చెప్పుకుంటే ఈ వ్యాసం రాయడం దండగ. సెక్రటరీగారికి తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. మిల్లు విషయాల్లో తలదూర్చడం నాకు తగదనుకున్నాను. అంత పెద్ద మిల్లువారు నన్ను వెతుక్కుంటూ వచ్చారన్న తృప్తి కూడా ఎక్కడో ఒక మూల లేకపోలేదు.

ఆ బుధవారం ఉదయం ఆయన చేతిసంచితో గోడ దగ్గరకు వచ్చారు. "విడిభాగాల కోసం నన్నే మద్రాసు పంపుతున్నారండీ. శనివారానికి వచ్చేస్తా" అన్నారు. రేపటి పూజకు మీరు ఉండరా అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. వేలాది పద్యాలు తడుముకోకుండా చదివే నాలుక అది. "శుభం" అన్నాను.

పున్నమి వెళ్ళిన మర్నాడు ఆడవాళ్ళు ఉతికిన చీరలు కట్టుకొని, పసుపు కుంకుమలతో మిల్లు గేటు దగ్గరకు వెళ్ళారు. ముందు సెక్రటరీగారు, చేతిలో కాగితం. లోపల మరలు అప్పటికే నడుస్తున్నాయి. వాటి దగ్గర ఎక్కడి నుంచో తెచ్చిన నలుగురైదుగురు మగవాళ్ళున్నారు. మేనేజరు బయటికి వచ్చి ఎంతో మర్యాదగా మాట్లాడాడట.

"కాగితం మీద నా సంతకమే సెక్రటరీగారూ, కాదనను. అది సీజను పనివాళ్ళకి గదా. ఈ సీజను పనివాళ్ళెవరో మీ ఆచారమే తేల్చింది. పూజనాడు మర ముందు నిలబడ్డవాళ్ళే. నిలబడ్డవాళ్ళు లోపలున్నారు."

ఆడవాళ్ళు నెలరోజులు ఆ గేటు ముందు కూర్చున్నారు. సెక్రటరీగారు గుంటూరు ఆఫీసుల చుట్టూ తిరిగారు. హాజరు పుస్తకంలో లేని పేర్లకు ఎవరూ ఏమీ చేయలేకపోయారు. మిల్లులో మగవాళ్ళ పని పోలేదు గనుక మగవాళ్ళు రోజూ తల వంచుకొని గేటు దాటి లోపలికి వెళ్ళారు. ఆయన సంఘం పదవి వదిలేశారు. అయినా ఊళ్ళో అందరికీ సెక్రటరీగారే. ఆ ఆడవాళ్ళను ఒక్కొక్కరినే వెంటబెట్టుకొని మిరప యార్డుకు తీసుకువెళ్ళి పని చూపించారు. మిల్లు దిగాక సాయంత్రం యార్డు మీదుగా వచ్చేవారు. ఆయన కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. అది కారమో మరొకటో నేను అడగలేదు.

మిల్లువారు పీకి పారేసిన పాత జిన్ను ఒకటి తుక్కులో పోతుంటే కొని తెచ్చి దొడ్లో తాటాకు పాక కింద నిలబెట్టారు. రెండో వరుస మొదటి మర. వారం వారం నూనె వేసి తుడిచేవారు. నడపడం మాత్రం ఎన్నడూ చూడలేదు.

నేను నోరు విప్పడానికి రెండేళ్ళు పట్టింది. ఒక సాయంత్రం గోడ మీద చేతులు పెట్టి, "ఆ ముహూర్తం పెట్టింది నేనే. రోజు తెలిసీ మీకు చెప్పలేదు" అన్నాను.

ఆయన నూనె గుడ్డ మడతపెడుతూ, "తెలుసండీ" అన్నారు. "మీ కాగితం మేనేజరు బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాడు. మీ అక్షరాలు నాకు తెలియవా?"

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"అడిగితే మీరు ఈ గోడ దగ్గరికి రావడం మానేస్తారు. పాము సంగతి మాట్లాడటానికి నాకింకెవరున్నారు చెప్పండి?"

ఆయనే మళ్ళీ, "మీరు చెప్పలేదు, నిజమే. ఆమె పూజో అని అడిగింది, నేను వినలేదు. నిలబడ్డ చోటుని వాళ్ళు నమ్మారు, కాగితాన్ని నేను నమ్మాను. ఏది పెద్ద తప్పో తేల్చడానికి మీ శాస్త్రాల్లో ఏమన్నా ఉందా?" అన్నారు.

వెతకకుండానే లేదన్నాను. ఆ విషయం మేము మళ్ళీ ఎత్తలేదు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగి ఆయనను లోలోపలే తినేసింది. వైద్యానికని కూతురు తాడేపల్లి తీసుకువెళ్ళిన రోజున, రిక్షా ఎక్కుతూ, "పంతులుగారూ, మరకి నూనె మరిచిపోకండి" అన్నారు. శుక్రవారం శుక్రవారం నేనే వెళ్ళి వేశాను. ఎక్కడెక్కడ వేయాలో నాకు చూపించే వెళ్ళారు. ఆయన నాకు చెప్పిన ఆఖరి పాఠం అది.

పెద్దకర్మ అయిపోయిన తరువాత పెద్దామె మళ్ళీ వచ్చింది. "పంతులుగారా, ఆ మరకి ఒక్కసారి పసుపు పెట్టుకుంటామండీ. మంచి రోజు చూసి చెప్పండి. మావోళ్ళకి నే చెప్పుకుంటా" అన్నది.

పంచాంగం చూసి, "వచ్చే గురువారం" అన్నాను. తరువాత, "నువ్వు ఎవరికీ చెప్పవద్దు. నేను చెబుతాను" అన్నాను.

"మీరా? ఈ ఎండలో యాడ తిరుగుతారు?"

"నేనే చెప్పాలి" అన్నాను.

గొడుగు వేసుకొని మూడు రోజులు తిరిగాను. ఒక్కో గుమ్మం ముందు నిలబడి, "గురువారం పొద్దున, సెక్రటరీగారి దొడ్లో, మర దగ్గర" అని చెప్పాను. కొందరు మంచినీళ్ళిచ్చారు. ఒక ఇంట్లో గోడకు ఆనుకొని కూర్చున్న ఒకామె నన్ను ఎగాదిగా చూసి, "ఈసారి ముందే చెప్తన్నారే పంతులుగారు" అన్నది. నేను తల వంచి, "అవునమ్మా, ముందే చెబుతున్నాను" అన్నాను. గురువారం ఆమె అందరికంటే ముందు వచ్చింది.

ఉన్నది ఒక్క మర. అయినా వాళ్ళు పాత జిన్నుల హాలులో ఎవరి చోట వారు నిలబడినట్టే దొడ్లో వరుసలు కట్టారు. పోయినవారి చోట్లు ఖాళీగా వదిలారు. పెద్దామె మరకు పసుపు పెట్టి, ఒడిలో తెచ్చిన పత్తిని గుప్పెడు గుప్పెడుగా అందించింది. ఇద్దరు ఆడవాళ్ళు చక్రాన్ని చేత్తో తిప్పారు. ఎన్నేళ్ళకో రోలర్లు కదిలాయి. గింజలు కింద పెట్టిన రేకు డబ్బాలో ఒక్కొక్కటిగా టప్పుమని పడ్డాయి. దూది తెల్లగా జారి వచ్చింది.

పూజ అయిపోయినా ఆ రోజు యార్డుకు ఎవరూ పోలేదు. తెచ్చుకున్న అన్నాలు అక్కడే తిన్నారు. నేను గోడ ఇవతలికి వచ్చి కూర్చున్నాను. మాటలు కాసేపు వినిపించి, క్రమంగా సన్నగిల్లాయి. లేచి చూశాను. నడి మధ్యాహ్నపు ఎండ దొడ్డంతా పరుచుకొని ఉంది. పాక నీడలో, మర పక్కన, పెద్దామె చెయ్యి తలకింద పెట్టుకొని, కాళ్ళు చాపుకొని నిద్రపోతున్నది. ముక్కు దగ్గర అంటుకున్న చిన్న దూదిపింజ ఒకటి ఆమె ఊపిరికి లేస్తూ, వాలుతూ ఉంది. చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఎవరూ ఆమెను లేపలేదు.